పిట్టగోడ, కానుకపెట్టె

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:33, 34, మత్తయి సువార్త 27:3-10



క్రొత్త యిల్లు కట్టుకొనువాడు దాని మిద్దె చుట్టును పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. ఎవడైనను పైనుండి పడి చనిపోయినయెడల ఆ రక్తదోషము ఇంటివాని మీదికి వచ్చును. మన గ్రామములలో పూర్వము తాటాకు ఇండ్లుండెను గనుక ఈ ఆజ్ఞ మనకు దూరముగా కనబడెను. ఇప్పుడు వీధికి పది డాబాలు లేచినవి. వడియములు ఎండబెట్టుటకు తల్లులు, గాలిపటములు ఎగురవేయుటకు పిల్లలు పైకెక్కుచున్నారు. పిట్టగోడ లేని డాబా ఎంత అపాయమో ఇప్పుడు మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

అదే ధర్మశాస్త్రములో మరియొక ఆజ్ఞ కలదు. ఒకడు గొయ్యి త్రవ్వి దానిని కప్పక విడిచిపెట్టగా, పొరుగువాని ఎద్దయినను గాడిదయైనను దానిలో పడి చచ్చినయెడల, గొయ్యి త్రవ్వినవాడు దాని వెల అచ్చుకొనవలెను. మిద్దెకు గోడ, గోతికి మూత. ఈ రెండు ఆజ్ఞలు ఒకే మనస్సునుండి వచ్చినవి. అయినను రెండును ఒకటి కావు. మిద్దె ఉపయోగమైనది. అది ఉండవలెను, దాని అంచున గోడయు ఉండవలెను. గోతిని మాత్రము కప్పవలెను. దాని చుట్టు అందమైన గోడ కట్టి, ద్వారము పెట్టి, లోపలికి పోవువారియొద్ద రుసుము పుచ్చుకొనుమని ధర్మశాస్త్రము ఎక్కడను చెప్పలేదు.

ఈ నెల ఈ మాట ఎందుకు ఎత్తుకొంటిమనగా, మా సంఘములోని ఒక సహోదరుడు మమ్మును ఒక ప్రశ్న అడిగెను. సెమినరీలో మేము చదివిన పుస్తకములలో దానికి వెంటనే జవాబు దొరకలేదు. జవాబు వెదకుచుండగా ఆ ప్రశ్న తిరిగి మా మీదికే వచ్చెను. అందుచేత దానిని దాచక మీ యెదుట పెట్టుచున్నాము.

మా గ్రామమునుండి ప్రతి ఉదయమున విశాఖపట్నము హార్బరునకును, ఉక్కు కర్మాగారమునకును బస్సులలో పనికి పోవువారు అనేకులు. ఈ సహోదరుడు హార్బరులో ఒక కాంట్రాక్టరు క్రింద పని చేయువాడు. ముప్పదియైదేండ్లవాడు, భార్య, ఇద్దరు ఆడపిల్లలు. ఆదివారము ఆరాధన మానువాడు కాడు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బంధువు పెండ్లికి హైదరాబాదు వెళ్లి, స్నేహితునితో కూడ మలక్‌పేటలో గుఱ్ఱపు పందెములు చూచెను. ఆ దినమున గెలిచెను. తిరిగి వచ్చిన తరువాత ఆదివారము, పదివేల రూపాయలు కవరులో పెట్టి, కృతజ్ఞతార్పణయని వ్రాసి మా చేతికిచ్చెను. "దేవుడు కార్యము చేసినాడండి, అయ్యగారూ" అనెను. మందిరపు డాబా మరమ్మతునకు మేము ఆ నెలయంతయు చందాలు అడుగుచుంటిమి. సంతోషముగా పుచ్చుకొంటిమి, అతని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించితిమి. ఆ కార్యమేమి అని అడుగలేదు.

ఆ తరువాత ఏడాదికి అతని భార్య మా యింటికి వచ్చి, మాతో కాదు, అయ్యగారి భార్యతో వంటింటి గడపయొద్ద కూర్చుండి ఏడ్చెను. చెవికమ్మలు తాకట్టులో ఉన్నవి. పిల్ల పెండ్లికని ప్రోగుచేసిన చీటీ పాట సొమ్ము లేదు. హైదరాబాదునకు మాటిమాటికి పోలేక, అతడు నగరములో ఒక బుకీయొద్ద ఫోనుమీద పందెములు కాయుచుండెను. మొదట గుఱ్ఱములమీద, తరువాత క్రికెట్టుమీద, చివరకు దేనిమీదనో అతనికే తెలియదు.

మేము అతనిని పిలిపించి గద్దించితిమి. అతడు తల వంచుకొని వినెను. అంతయు వినిన తరువాత ఇట్లడిగెను. "అయ్యగారూ, తప్పేనండి, కాదనను. కాని ఒక మాట చెప్పండి. మలక్‌పేటలో కౌంటరులో డబ్బు కడితే టిక్కెట్టు ఇచ్చినారు. దానిమీద గవర్నమెంటుకు పన్ను పోయింది. గేటు దగ్గర పోలీసువారు నాకు దారి చూపినారు. అదే డబ్బు, అదే గుఱ్ఱం, ఇక్కడ ఫోనులో కడితే పోలీసువారు పట్టుకొంటారు. గోడకు లోపల పుణ్యమూ బయట పాపమూనా అండి?"

మేము ఆ దినమున ఏదియో చెప్పి అతనిని పంపివేసితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ ప్రశ్న అమాయకపు ప్రశ్న కాదు, దొంగ ప్రశ్నయు కాదు.

ముందుగా సంగతులను సరిగా తెలిసికొందము. తెలియనిదానిని దూషించుట బోధకునికి తగదు.

మన విశాఖలో నేడు గుఱ్ఱపు పందెముల మైదానము లేదు. బీచిరోడ్డులో పిల్లలను ఎక్కించుకొని తిరుగు గుఱ్ఱములే మన పిల్లలెరిగిన గుఱ్ఱములు. అయితే ఈ ఆట మనకు పరాయిది కాదు. 1953 వరకు మనకు రాజధాని మద్రాసు. అక్కడ గిండీలో 1777 నాటినుండియే పందెముల చరిత్ర కలదు. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను మౌలాలీలో జరుగుచుండిన పందెములను 1886లో మలక్‌పేటకు, తన మహలునకు సమీపముగా, మార్పించెను. రాజులకును దొరలకును వినోదమైనది కాలక్రమమున సామాన్యుని జేబువరకు వచ్చెను.

మన రాజ్యాంగములో జూదము, పందెములు అనునవి రాష్ట్రముల అధికారమునకు ఇయ్యబడినవి. తెలంగాణ ప్రాంతములో గుఱ్ఱపు పందెములమీద పన్నును గూర్చిన నిబంధన ఫసలీ 1358 నాటిది, అనగా నిజాము పాలన ముగిసిన కాలపుది. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము వచ్చెను. ఆ చట్టము డబ్బుకొరకు ఆడు మట్కా మొదలగువాటిని, పందెములు కాయుటను నేరముగా ఎంచి, గుఱ్ఱపు పందెమునకు మాత్రము ఒక సందు విడిచెను. పందెము జరుగు దినముననే, ప్రభుత్వపు అనుమతితో ప్రత్యేకించిన ఆవరణములోనే, లైసెన్సు గల బుకీయొద్దనో టోటలైజేటరు అను లెక్కయంత్రము ద్వారానో కాచిన పందెము నేరము కాదు. కాబట్టి మన సహోదరుడు చెప్పిన గోడ ఊహ కాదు. చట్టములో నిజముగా ఉన్నది.

ఆ గోడలోపల జరుగు పర్యవేక్షణ కూడ చిన్నది కాదు. స్టీవార్డులను అధికారులుండి ప్రతి పందెమును పరిశీలింతురు. బలమైన గుఱ్ఱమునకు ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు పెట్టి పోటీని సమముచేయుదురు. గుఱ్ఱమునకు మందు పెట్టిరేమోయని దాని మూత్రమును రక్తమును పరీక్షింతురు. ముగింపు గీతను ఏ ముక్కు ముందు దాటెనో ఫొటో తీసి తేల్చెదరు. జాకీ కావలెనని గుఱ్ఱమును వెనుకకు పట్టినయెడల శిక్షింతురు. కొరడాతో ఎన్ని దెబ్బలు కొట్టవచ్చునో దానికిని హద్దు పెట్టిరి. బిలాము తన గాడిదను మూడుసార్లు కొట్టగా, దేవుడు ఆ మూగజీవికి మాట ఇచ్చి అతనిని సిగ్గుపరచెను గదా. నోరులేని జీవి పక్షమున ఎవరైనను నిబంధన వ్రాసినయెడల దానికి మనము వందనము చెప్పవలెను. నీతిమంతుడు తన పశువు ప్రాణమును గూర్చి ఆలోచించునని సామెతల గ్రంథము నేర్పుచున్నది.

గుఱ్ఱములను నమ్ముకొని బ్రదుకు సైసులు, గడ్డి వేయువారు, లాడములు కొట్టువారు, పశువైద్యులు ఉన్నారు. వారి శ్రమ జూదము కాదు. కాబట్టి గుఱ్ఱపు పరుగులోనే పాపమున్నదని మేము చెప్పజాలము. పరుగెత్తు గుఱ్ఱము దేవుని సృష్టిలో ఒక సొగసు. అది మిద్దె. దానిమీద కాచు పందెము సంగతి వేరు.

పందెపు లెక్క ఎట్లుండునో వినుడి. నూరుగురు మనుష్యులు ఒక్కొక్కరు నూరు రూపాయల చొప్పున టోటలైజేటరులో వేసిరనుకొందము. పదివేలాయెను. అందులోనుండి ముందుగా ప్రభుత్వపు పన్నును, క్లబ్బు ఖర్చులను తీసివేయుదురు. మిగిలినదానినే గెలిచినవారికి పంచుదురు. ఇప్పుడు ఆ నూరుగురిని ఒక్క యింటివారిగా ఎంచుడి. ఆ యిల్లు పదివేలతో లోపలికి పోయి, తక్కువతో బయటికి వచ్చెను. ఏ గుఱ్ఱము గెలిచినను అంతే. మరల పోయినను అంతే. ఒకనాడు ఒకడు గెలుచును, నిజమే. ఆ యింటివారందరు కలిసి మాత్రము ఎన్నడును గెలువరు. ఇది మోసము కాదు, ఎవరును దాచినదియు కాదు. నిజాయితీగా జరిగిన పందెములో కూడ ఉండు లెక్క ఇది. స్టీవార్డు మందు పెట్టిన గుఱ్ఱమును పట్టగలడు గాని ఈ లెక్కను మార్చలేడు.

ఇక ఈ పందెము నేర్పా, అదృష్టమా అని ఒక గొప్ప వ్యాజ్యము జరిగెను. 1957లో సుప్రీంకోర్టు జూదమును వ్యాపారముగా ఎంచరాదనియు, అట్టిదానికి రాజ్యాంగములోని వ్యాపార స్వేచ్ఛ వర్తింపదనియు చెప్పెను. 1974లో తమిళనాడు ప్రభుత్వము గుఱ్ఱపు పందెములను మాన్పుటకు చట్టము చేసెను. 1986లో మద్రాసు రేసు క్లబ్బునే స్వాధీనము చేసికొనుటకు మరియొక చట్టము చేసెను. క్లబ్బువారు సుప్రీంకోర్టునకు పోయిరి. 1996 జనవరి 12న తీర్పు వచ్చెను. గుఱ్ఱపు పందెములో అదృష్టముకంటె నేర్పే ముఖ్యమనియు, గుఱ్ఱము పుట్టుకను, శిక్షణను, జాకీ సామర్థ్యమును తెలిసికొని ఎంచుట నేర్పేయనియు న్యాయమూర్తులు చెప్పి, 1986 నాటి చట్టమును కొట్టివేసిరి. కాబట్టి న్యాయస్థానము దృష్టిలో అది జూదము కాదు.

న్యాయస్థానపు తీర్పును మేము గౌరవించుచున్నాము. వారి యెదుటికి వచ్చిన ప్రశ్నకు వారు జవాబు చెప్పిరి. మనస్సాక్షి యెదుట ఉన్న ప్రశ్న మాత్రము వేరు. పందెములో నేర్పు లేదనుకొందము. అప్పుడు ఒకని జీతము గాలికి పోయినది. నేర్పు ఉన్నదనుకొందము. అప్పుడు తెలిసినవాడు తెలియనివానియొద్దనుండి తీసికొనుచున్నాడు. రేసు పుస్తకము చదువనేర్చినవాడు గెలిచిన సొమ్ము ఎక్కడిది? దానిని చదువనేరని మన హార్బరు కూలివానిది. నేర్పు అను మాట చట్టములో తప్పును తగ్గించును. ప్రేమ లెక్కలో అది తప్పును పెంచునేమో ఆలోచింపుడి.

"అయ్యగారూ, రైతు కూడ పందెము కాయుటలేదా? వాన వచ్చునో రాదో తెలియక విత్తుచున్నాడు గదా" అని ఒకరు అడుగవచ్చును. మత్స్యకారుడు తుపాను వచ్చునో రాదో తెలియక సముద్రముమీదికి పోవుచున్నాడు. నిజమే, తెలియనిదానికి సాహసించుట పాపము కాదు. అది లేనిదే బ్రదుకు లేదు. రైతు గెలిచినయెడల ఊరికి ధాన్యము వచ్చును. మత్స్యకారుడు గెలిచినయెడల పూర్ణామార్కెట్టులో కొన్నవాని యింట కూర ఉడుకును. ఒకని లాభమునకు ఇంకొకడు ఓడిపోనక్కరలేదు. పందెములో ఒకడు నవ్వుటకు ఇంకొకడు ఏడ్వవలసినదే. అపొస్తలులు కూడ యూదా స్థానమునకు మనిషిని ఎన్నుకొనుటకు చీట్లు వేసిరి. అక్కడ ఎవరి సొమ్మును పోలేదు. సిలువక్రింద సైనికులును చీట్లు వేసిరి. వారి చూపు వస్త్రముమీద నుండెను. పైన వ్రేలాడుచున్నవానిని వారు చూడలేదు. పందెములోని కీడు మాకు అక్కడ స్పష్టముగా కనబడుచున్నది. గెలుపుమీద కన్ను పెట్టినవానికి ప్రక్కవాని బాధ కనబడదు.

ఇప్పుడు ప్రభుత్వమును గూర్చి. గుఱ్ఱపు పందెముమీద 28 శాతముండిన జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22నుండి 40 శాతమైనది. ఇది కాక, గెలిచిన సొమ్ముమీద 30 శాతము ఆదాయపు పన్ను కలదు. ఇది గొప్ప భారమే. చెడ్డదానిమీద భారము పెంచిన తగ్గునని కొందరందురు. చెడ్డదానిలో ప్రభుత్వము పాలు పుచ్చుకొనుచున్నదని మరికొందరందురు. రెండు మాటలలోను సత్యమున్నది.

పూర్తిగా నిషేధించిన ఏమి? మన ఆంధ్రదేశపు అనుభవము మరువదగినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా అంగడిని మూయించిరి. ఆ కెరటము రాష్ట్రమంతయు వ్యాపించెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో సడలింపబడెను. దొంగసారా ఆగలేదు, ఖజానా మాత్రము తరిగినదని ఆ దినములలో చెప్పబడిన మాట. ఆ స్త్రీల కన్నీరు అబద్ధము కాదు. చట్టము ఒక్కటియే మనుష్యుని దాహమును మాన్పలేదనుటయు అబద్ధము కాదు. సంక్రాంతికి కోడిపందెములు నిషేధమని ప్రతి ఏట చాటింపు వేయుదురు. ప్రతి ఏట బరులు లేచును.

ఫోను విషయములో ప్రభుత్వములు వేరొక దారి పట్టినవి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గేమింగ్ చట్టమును సవరించి ఆన్‌లైను జూదమును అందులోనికి తెచ్చెను. 2025 ఆగస్టులో కేంద్రము చేసిన చట్టము, డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను నేర్పైనను అదృష్టమైనను తేడా లేకుండ నిషేధించెను. అనగా అదే దేశములో ఒకచోట గోడ కట్టిరి, ఒకచోట గోతిని కప్పిరి. ఇది విరుద్ధముగా కనబడును గాని పూర్తిగా అవివేకము కాదు. మైదానమునకు పోవలెననిన టిక్కెట్టు, బస్సు, ఒక దినము సెలవు కావలెను. ఆ దూరమే ఒక పిట్టగోడ. ఫోను రాత్రి పండ్రెండు గంటలకు దుప్పటిలోనికి వచ్చును. దానికి అంచు లేదు, గోడ కట్టుటకు చోటు లేదు.

కాబట్టి మన సహోదరుని ప్రశ్నకు మేము వెదకి కనుగొన్న జవాబు ఇది. గోడకు లోపల పుణ్యమును బయట పాపమును అని గోడ చెప్పుటలేదు. గోడ చెప్పుచున్నది ఇంతే: ఇక్కడ పడువారున్నారు, జాగ్రత్త. భార్యను విడిచిపెట్టుటకు మోషే ఎందుకు సెలవిచ్చెనని పరిసయ్యులు ప్రభువును అడుగగా, మనుష్యుల గుండె రాయివంటిదై యుండుటచేత ఇచ్చెను గాని ఆదినుండి దేవుని తలంపు అది కాదని ఆయన చెప్పెను. చట్టము కొన్నిటిని సహించును. సహించినంత మాత్రమున దీవించినట్లు కాదు. లైసెన్సు పాపక్షమాపణ పత్రము కాదు. పన్ను రశీదు దేవుని యెదుట చెల్లు చీటీ కాదు.

అయినను గోడ కట్టువాడు వ్యర్థుడు కాడు. పడువారిలో ఒకనినైనను ఆపినయెడల అతడు దేవుని పనివాడే. మోసము లేకుండ చూచు అధికారి, పసివాడు టిక్కెట్టు కొనకుండ ఆపు గుమాస్తా, దొంగబుకీని పట్టు పోలీసు, వీరందరు పొరుగువాని రక్తమును కాయుచున్నారు. ప్రభుత్వమునకు మేము పెట్టు పరీక్ష ఒక్కటే. రేపు ఎవరును పందెము కాయుటకు రానియెడల, పన్ను ఒక్క రూపాయియైనను రానియెడల, ఖజానా అధికారి సంతోషించునా, విచారించునా? సంతోషించినయెడల అతడు కట్టినది పిట్టగోడ. విచారించినయెడల అది గోతికి పెట్టిన ద్వారము. ఆ పన్నుతోనే పాఠశాలలు, ఆసుపత్రులు కట్టుచున్నామని చెప్పుట మొదలుపెట్టిన దినమున, గోడ ఎత్తు పెంచు చెయ్యి బలహీనమగును. పడువారు తగ్గకూడదను కోరిక మెల్లగా లోపలికి వచ్చును.

ఈ మాట వ్రాసి ముగించుదుమని మేము అనుకొంటిమి. అప్పుడే ప్రభువు మా కలమును పట్టుకొనెను. ఖజానా అధికారిని పరీక్షించు నీవు, నీ కానుకపెట్టె సంగతి ఏమి?

యూదా ముప్పది వెండినాణెములను తిరిగి తెచ్చినప్పుడు ప్రధానయాజకులు ఏమి చేసిరో జ్ఞాపకము చేసికొనుడి. అది రక్తపు సొమ్ము గనుక కానుకపెట్టెలో వేయరాదని వారికి తెలిసెను. ధర్మము తప్పలేదు. దానితో కుమ్మరివాని పొలము కొనిరి. అయితే తప్పు చేసితినని ఏడ్చుచు వచ్చిన మనిషిని మాత్రము, అది నీ సంగతి, మాకేమి అని పంపివేసిరి. నాణెములను పరీక్షించిరి, మనిషిని విడిచిపెట్టిరి. అతడు పోయి ఉరివేసికొనెను.

మేము ఆ యాజకులకంటె తక్కువవారమైతిమి. వారు సొమ్మునైనను పరీక్షించిరి. మేము సొమ్మును పరీక్షింపలేదు, మనిషిని అడుగలేదు. ఒక కూలివానికి పదివేలు ఎక్కడనుండి వచ్చెనని ఒక్క మాట అడిగియుండినయెడల, ఆ దినముననే అతడు చెప్పియుండును. అతడు దాచుటకు వచ్చినవాడు కాడు, సాక్ష్యము చెప్పుటకు వచ్చినవాడు. మేము అతని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించినప్పుడు, ఆ గెలుపుమీద దేవుని ముద్ర పడినదని అతడు నమ్మెను. తరువాత ఆ మాట అతడే మాతో చెప్పెను. "మీరు దీవించినారు గదా అండి, అందుకే మళ్లీ కాసినాను." సహోదరులారా, ఆ మాట మా జీవితములో మేము వినిన ప్రసంగములన్నిటికంటె గట్టిది.

మేము సంఘపెద్దలను కూర్చుండబెట్టి ఈ సంగతి చెప్పితిమి. ఒక పెద్ద, డబ్బుకు మైల లేదు, మందిరమునకు వాడితిమి గనుక పరిశుద్ధమైనది అనెను. మరియొకరు, ఆ డబ్బుతో కొన్న సిమెంటును ఇప్పుడు డాబానుండి ఊడదీయుదుమా అని అడిగెను. చివరకు ఎక్కువ మాటలాడని ఒక వితంతువు, "ఆ డబ్బు వాళ్లింటి పిల్లలది. వాళ్ల అమ్మ చేతికి ఇచ్చేయండి బాబూ" అనెను. అంతటితో వాదము ముగిసెను. నాలుగు నెలలలో కొంచెము కొంచెముగా పదివేలును ఆ తల్లి చేతికి చెల్లించితిమి. మా జీతమునుండి సగము వేసితిమి. అది గొప్పకొరకు చెప్పుటలేదు, అప్పు మాది గనుక చెప్పుచున్నాము.

తరువాత ఆ సహోదరునియొద్దకు మేమే వెళ్లితిమి. ఈసారి గద్దింపలేదు. "తమ్ముడూ, నిన్ను అడుగక పుచ్చుకొనుట మా తప్పు. క్షమించు" అంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. జీతము పడు బ్యాంకు కార్డును ఇప్పుడు భార్యయొద్ద ఉంచుచున్నాడు. ఒకసారి మరల పడెను. ఆ రాత్రియే మా తలుపు తట్టెను. తాకట్టులోని కమ్మలు ఇంకను తిరిగి రాలేదు. కథ పూర్తియైనదని మేము చెప్పుటలేదు. అయితే అతడు తలుపు తట్టుచున్నాడు, మేము తీయుచున్నాము.

ప్రియులారా, మన సంఘములకు ఈ నెల మూడు మనవులు. పెద్ద కానుక వచ్చినప్పుడు, ఇచ్చినవాని బాగోగులు ప్రేమతో అడుగుడి. అనుమానముతో కాదు, తండ్రి కుమారుని అడిగినట్లు. కోతపండుగలో సొమ్ము ప్రోగుచేయుటకు లక్కీడ్రా పెట్టు సంఘములున్నవి. గుమ్మడికాయను వేలము వేయుట వేరు, కొన్నవాడు కాయను ఇంటికి తీసికొనిపోవును. చీటి కొని ఓడినవాడు ఏమి తీసికొనిపోవును? మన పిల్లలకు మొదటి పందెమును మందిరపు ఆవరణములో నేర్పకుడి. మూడవది, అప్పులలో పడినవాని భార్య మీ గడప ఎక్కినప్పుడు, అది నీ సంగతి అని అనకుడి. ఆ మాట ఒకసారి యాజకుల నోట వచ్చినది. రెండవసారి రాకూడదు.

జక్కయ్య రోమాప్రభుత్వపు పన్నులు వసూలుచేయువాడు. లైసెన్సు గలవాడే, చట్టము గోడకు లోపలివాడే. ప్రభువు అతని యింటికి వచ్చిన దినమున అతడు చట్టమేమి ఒప్పుకొనునని అడుగలేదు. ఎవనియొద్ద అన్యాయముగా తీసికొంటినని అడిగికొనెను, తిరిగి ఇచ్చెను. ప్రభుత్వము తన గోడను కట్టనిండు, ఇంకను ఎత్తుగా కట్టవలెనని మనము కోరుదము, దానికొరకు ప్రార్థింతము. మన యింటి మిద్దెకు, మన మందిరపు మిద్దెకు గోడ కట్టవలసినవారము మాత్రము మనమే.

ప్రార్థన: ప్రభువా, మేము అడుగక పుచ్చుకొన్నవాటిని మాకు చూపుము. పడినవారిని లేపుము. గోడలు కట్టువారికి నిర్మలమైన మనస్సునిమ్ము. మా గడప ఎక్కినవారిని తిరిగి పంపని హృదయమును మాకు దయచేయుము. ఆమేన్.